అద్దం అబద్ధమని చెప్పిన కేయాన్లు

1946 అక్టోబరు 15న మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో తీసిన ఒక ఫొటోలో, సీసపు పలకకు కాస్త దిగువన, తలకిందులైన 'వి' అక్షరంలాంటి గీత కనిపించింది. ఫొటో తీసినవాళ్లు జార్జ్ రోచెస్టర్, క్లిఫర్డ్ బట్లర్. వాళ్ల పరికరం క్లౌడ్ చాంబర్. అంటే ఆవిరి నింపిన పెట్టె. విద్యుదావేశం ఉన్న కణం ఏదైనా అందులోంచి దూసుకుపోతే దారి పొడవునా సన్నటి బిందువులు పేరుకుని గీతలా కనిపిస్తాయి. ఆ పెట్టె చుట్టూ 11 టన్నుల విద్యుదయస్కాంతం ఉంది. అది కణాల దారిని వంచుతుంది. వంపును బట్టి కణం వేగాన్నీ బరువునీ అంచనా కట్టవచ్చు.

ఆ ఫొటోలో విచిత్రం ఏమిటంటే, 'వి' మొదలైన చోటికి పైనుంచి వచ్చిన గీత ఏదీ లేదు. శూన్యంలోంచి ఊడిపడ్డట్టు రెండు గీతలు పుట్టాయి. ఆవేశం లేని కణమేదో కనిపించకుండా వచ్చి, అక్కడ రెండుగా విడిపోయిందన్నమాట. 1947 మే 23న మరో ఫొటో దొరికింది. ఇందులో ఒక గీత నడిదారిలో ఉన్నట్టుండి మలుపు తిరిగింది. ఆవేశమున్న కణం అక్కడ చనిపోయి, దాని సంతానం వేరే దిక్కుకు పోయింది. వేల ఫొటోలు తిరగేస్తే దొరికినవి ఈ రెండే. ఆ రెండింటి ఆధారంతోనే రోచెస్టర్, బట్లర్ 1947 డిసెంబరులో నేచర్ పత్రికలో, ఎలక్ట్రాన్ కంటే సుమారు వెయ్యి రెట్లు బరువైన కొత్త కణాలు ఉన్నాయని ప్రకటించారు. తెగింపు అంటే అదే. ఎందుకంటే ఆ తర్వాత ఏడాదికి పైగా అలాంటి ఫొటో మాంచెస్టర్‌లో మరొకటి పడలేదు.

ఆ ప్రయోగశాల అధిపతి పాట్రిక్ బ్లాకెట్. 1948లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ ఏళ్లలో అదే ప్రయోగశాలలో కలకత్తా నుంచి వెళ్లిన విభా చౌధురి కూడా విశ్వకిరణాల మీద పరిశోధన చేస్తున్నారు. అంతకు ముందే ఆమె డి.ఎం. బోస్‌తో కలిసి డార్జిలింగ్, సందక్‌ఫూ కొండల మీద ఫొటో పలకలు పెట్టి మెసాన్లనే కణాల జాడ పట్టారు. యుద్ధకాలంలో మెరుగైన పలకలు దొరక్క ఆ పని అక్కడే ఆగింది. దాదాపు అదే పద్ధతిని మెరుగైన పలకలతో సాగించిన సెసిల్ పావెల్‌కు 1950లో నోబెల్ దక్కింది. 2019లో ఒక నక్షత్రానికి విభ అని పేరు పెట్టారు. ఆమె పోయిన 28 ఏళ్లకు.

రోచెస్టర్, బట్లర్ చూసిన కణాలను నేడు కేయాన్లు అంటున్నాం. కె-మెసాన్లు అన్నా అవే. ప్రోటాన్, న్యూట్రాన్లలో మూడేసి క్వార్కులుంటాయి. మెసాన్లలో మాత్రం ఒక క్వార్కు, ఒక ప్రతిక్వార్కు జంటగా ఉంటాయి. ప్రతిక్వార్కు అంటే అన్ని విధాలా క్వార్కును పోలి, ఆవేశం మాత్రం తారుమారైన కణం. కేయాన్ ప్రత్యేకత ఏమిటంటే, ఆ జంటలో ఒకటి తప్పనిసరిగా 'స్ట్రేంజ్' అనే రకం క్వార్కు గానీ దాని ప్రతికణం గానీ అయి ఉంటుంది. కుటుంబంలో సభ్యులు నలుగురు. ధనావేశంతో ఒకటి, రుణావేశంతో ఒకటి, ఆవేశం లేకుండా రెండు. అన్నీ ప్రోటాన్ బరువులో సగానికి కాస్త ఎక్కువ తూగుతాయి. అన్నీ అల్పాయుష్కాలే. సెకనును పది కోట్ల ముక్కలు చేస్తే, ఆవేశమున్న కేయాన్ సగటు ఆయుష్షు అందులో ఒక ముక్కకు కొంచెం పైన. ఇంత కొద్దిసేపు బతికే కణం గత 80 ఏళ్లలో భౌతికశాస్త్రం నమ్ముకున్న నియమాలను ఒకటి తర్వాత ఒకటి తలకిందులు చేసింది. ఇంత అల్లరి చేసిన కణం మరొకటి లేదనే చెప్పాలి.

కేయాన్ల కోసం యూరప్ దాకా పోనక్కర లేదు. అంతరిక్షం నుంచి వచ్చే ప్రోటాన్లు వాతావరణం పై పొరల్లో గాలి అణువులను ఢీకొన్నప్పుడు పయాన్లనే తేలికపాటి మెసాన్లతో పాటు కేయాన్లూ పుడతాయి. నేలదాకా రాకముందే చాలావరకు విరిగిపోయి మ్యువాన్లు, న్యూట్రినోలు అనే కణాలుగా మారతాయి. అరచేయి చాపితే సెకనుకు ఒకటి చొప్పున దానిలోంచి దూసుకుపోయే మ్యువాన్లలో కొన్ని కేయాన్ల సంతానమే. న్యూట్రినోలైతే భూమినే దాటిపోతాయి. చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గర్లో ఉన్న కోలారు బంగారు గనుల్లో, 2 కిలోమీటర్లకు పైగా లోతున, 1965లో ముంబయి టాటా ప్రాథమిక పరిశోధన సంస్థ, ఒసాకా, డర్హమ్ విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టారు. ప్రపంచంలో ఆ ఘనత సాధించిన తొలి బృందాల్లో అదొకటి. ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంఠన్, పి.వి. రమణమూర్తి తదితరులు ఆ పరిశోధన పత్ర రచయితలు. బంగారం తవ్వకం 2001లో ఆగిపోయింది. గని పేరు మాత్రం భౌతికశాస్త్ర గ్రంథాల్లో మిగిలింది.

మళ్లీ 1948కి వద్దాం. ఇంగ్లండులోనే బ్రిస్టల్ నగరంలో పావెల్ బృందం క్లౌడ్ చాంబర్ బదులు ఫొటో ఎమల్షన్ పలకలు వాడేది. పలకలను ఆల్ప్స్ కొండల మీద కొంతకాలం ఉంచి, తెచ్చి, కడిగి, సూక్ష్మదర్శిని కింద గీత గీతనూ వెతకాలి. గంటల తరబడి కళ్లు కాయలు కాసే పని. 22 ఏళ్ల రోజ్‌మేరీ బ్రౌన్ అనే పరిశోధక విద్యార్థిని ఒకరోజు అలా వెతుకుతూ, ఒక గీత చివర మూడు పయాన్లుగా చీలిన చోటును పసిగట్టింది. దానికి 'టౌ' అని పేరు పెట్టారు. 1949 జనవరిలో వచ్చిన నేచర్ పత్రంలో ఆరుగురు రచయితలుంటే మొదటి పేరు ఆమెదే. కొద్దికాలానికే సహ పరిశోధకుడు పీటర్ ఫౌలర్‌ను పెళ్లాడి, పీహెచ్‌డీ పూర్తి చేయకుండానే విశ్వవిద్యాలయం వదిలేసింది. 2024లో, ఆమెకు 98 ఏళ్లు వచ్చాక, బ్రిస్టల్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఇవ్వడం మంచిదే. ఇంత ఆలస్యం ఎందుకన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

1950ల మొదట్లో మన దేశంలోనూ ఈ వేట సాగింది. ముంబయి టాటా సంస్థలో బెర్నార్డ్ పీటర్స్, దేవేంద్ర లాల్, యశ్‌పాల్ ఎమల్షన్ పలకల్లో కె-మెసాన్ల గీతలను పరిశీలించి 1953లో ఫలితాలు ప్రచురించారు. తర్వాత దూరదర్శన్‌లో 'టర్నింగ్ పాయింట్' కార్యక్రమంలో నెరిసిన జుట్టుతో నవ్వుతూ పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పిన యశ్‌పాల్ ఈయనే.

కణాలు దొరికాయి సరే, వాటి లెక్క మాత్రం కుదరలేదు. కేయాన్లు పుట్టేది బలమైన కేంద్రక బలం వల్ల. ఆ బలం పని చేసే తీరు మహా వేగం. దాని లెక్క ప్రకారం కేయాన్ పుట్టిన వెంటనే విరిగిపోవాలి. కానీ ఉండాల్సిన దానికంటే సుమారు పది లక్షల కోట్ల రెట్లు ఎక్కువ కాలం బతుకుతోంది! మనిషికి క్షణికంగా తోచేది, కణాల లోకంలో చిరంజీవిత్వమే. అమెరికాలో మరీ గెల్‌మన్, జపాన్‌లో కజుహికో నిషిజిమా 1953లో విడివిడిగా ఒకే జవాబు చెప్పారు. ఈ కణాలకు 'స్ట్రేంజ్‌నెస్' అనే ఒక గుణం ఉందనుకుందాం. బలమైన బలం దాన్ని పుట్టించినా మొత్తం సున్నా కావాలి, కాబట్టి ఈ కణాలు ఎప్పుడూ జంటగానే పుడతాయి. విరిగేటప్పుడు ఒంటరిగా ఉన్న కణం ఆ గుణాన్ని వదిలించుకోవాలి. బలమైన బలం అందుకు ఒప్పుకోదు. నింపాదిగా పనిచేసే బలహీన బలమే దిక్కు. అందుకే అంత ఆలస్యం. జంటగా పుడతాయన్న మాట న్యూయార్క్ దగ్గరి బ్రూక్‌హేవన్‌లో కాస్మోట్రాన్ యంత్రం పని మొదలుపెట్టగానే నిజమని తేలింది. 1964లో గెల్‌మన్, జార్జ్ జ్వైగ్ క్వార్కులను ప్రతిపాదించినప్పుడు ఈ గుణమే మూడో క్వార్కుగా రూపం కట్టింది.

ఈలోగా మరో చిక్కు వచ్చి పడింది. రోజ్‌మేరీ చూసిన 'టౌ' మూడు పయాన్లుగా విరుగుతుంది. 'థీటా' అనే ఇంకో కణం రెండు పయాన్లుగా విరుగుతుంది. కొలిచి చూస్తే రెండింటి బరువూ ఒకటే, ఆయుష్షూ ఒకటే. అయితే రెండూ ఒకే కణమని అనడానికి వీల్లేదు. అప్పటి నమ్మకం ప్రకారం ప్రకృతి కుడి ఎడమల మధ్య తేడా చూపదు. ఏ సంఘటన జరిగినా, దాని అద్దపు ప్రతిబింబం లాంటి సంఘటనా అంతే సహజంగా జరగాలి. ఈ సూత్రం పేరు పారిటీ. పారిటీ లెక్కలో రెండు పయాన్లు ఒక వర్గం, మూడు పయాన్లు దానికి వ్యతిరేక వర్గం. ఒకే కణం రెండు వర్గాల్లోకీ విరగకూడదు.

అయితే కవలలు కావాలి, లేదంటే అద్దమే అబద్ధం చెబుతుండాలి. అమెరికాలో పనిచేస్తున్న ఇద్దరు చైనా యువకులు, సుంగ్-దావో లీ, చెన్-నింగ్ యాంగ్, 1956లో పాత ప్రయోగాలన్నీ తిరగేశారు. బలహీన బలం విషయంలో పారిటీ నిజమో కాదో అసలు ఎవరూ పరీక్షించలేదని గుర్తించారు. అందరూ నమ్మారు, ఎవరూ చూడలేదు. ఇదీ అసలు ఆశ్చర్యం.

పరీక్షించింది చియెన్-షియుంగ్ వూ. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యురాలు. ఆమె, భర్త కలిసి ఓడలో జెనీవాకూ, అక్కణ్నుంచి తూర్పు దేశాలకూ వెళ్లాలని టిక్కెట్లు కొనుక్కున్నారు. ఆమె ప్రయాణం మానుకుంది, భర్త ఒక్కడే వెళ్లాడు. వాషింగ్టన్‌లోని ప్రమాణాల సంస్థలో, బలహీన బలం వల్ల విరిగే కోబాల్ట్-60ని పరమ శూన్య ఉష్ణోగ్రతకు వెంట్రుకవాసి దూరం దాకా చల్లబరిచి, దాని కేంద్రకాలన్నీ ఒకే దిక్కున తిరిగేలా చేసి, వెలువడే ఎలక్ట్రాన్లు ఎటు పోతున్నాయో లెక్కించారు. అద్దం నిజమైతే రెండు దిక్కులకూ సమానంగా పోవాలి. పోలేదు. ఒక దిక్కుకే మొగ్గాయి. పారిటీ చెల్లి తీరుతుందని పందెం కాయడానికైనా సిద్ధమన్న వోల్ఫ్‌గాంగ్ పౌలీ లాంటి ఉద్దండుడు నోరెళ్లబెట్టాడు. టౌ, థీటా రెండూ ఒకటే అని తేలిపోయింది. అది కేయాన్. లీ, యాంగ్‌లకు 1957లోనే నోబెల్ వచ్చింది. వూకు రాలేదు. నోబెల్ కమిటీ చేసిన తప్పుల జాబితా ఎవరు రాసినా ఇది మొదటి వరసలోనే ఉంటుంది.

అద్దం పగిలింది. శాస్త్రజ్ఞులు ముక్కలు అతికించే మార్గం ఒకటి కనిపెట్టారు. అద్దంలో కుడి ఎడమలు మార్చడంతో పాటు కణాలన్నింటినీ ప్రతికణాలుగా కూడా మార్చితే, అప్పుడు ప్రకృతి సమానంగానే ఉంటుంది కదా అన్నారు. దీన్ని సీపీ సౌష్ఠవం అంటారు. అందరికీ ఊరట కలిగింది. ఏడేళ్లపాటు.

ఆవేశం లేని కేయాన్లు ఆ ఊరటనూ లాగేసుకున్నాయి. ఇవి రెండని అనుకున్నాం కదా, ఒకటి కణం, ఇంకొకటి దాని ప్రతికణం. రెండింటికీ ఆవేశం లేదు కాబట్టి ప్రయాణంలో ఒకటి ఇంకొకటిగా మారిపోగలదు. గెల్‌మన్, అబ్రహాం పైస్ 1955లో చెప్పిందేమిటంటే, ప్రకృతిలో నిజంగా తిరిగేవి కణమూ కావు, ప్రతికణమూ కావు, రెండింటి మిశ్రమాలు. అర్ధనారీశ్వరుడి లాంటివి. ఒక మిశ్రమం రెండు పయాన్లుగా విరుగుతుంది, దాని ఆయుష్షు సెకనులో వెయ్యి కోట్లవ వంతు. రెండోది మూడు పయాన్లుగా విరగాలి. అందుకు శక్తి బొటాబొటిగా సరిపోతుంది కాబట్టి సుమారు ఆరు వందల రెట్లు ఎక్కువ కాలం బతుకుతుంది. మొదటిదానికి కె-షార్ట్ అని, రెండోదానికి కె-లాంగ్ అని పేర్లు. 1956లో లియోన్ లెడర్‌మన్ బృందం బ్రూక్‌హేవన్‌లో కె-లాంగ్‌ను చూసింది.

వీటితో ప్రకృతి ఆడే ఆట చూడండి. కేయాన్ల పుంజాన్ని కొంత దూరం పోనిస్తే కె-షార్ట్‌లన్నీ రాలిపోయి కె-లాంగ్‌లే మిగులుతాయి. ఇప్పుడు వాటి దారిలో ఒక లోహపు దిమ్మె అడ్డం పెడితే, అవతలి వైపు మళ్లీ కె-షార్ట్‌లు ప్రత్యక్షమవుతాయి. దిమ్మెలోని పదార్థం మిశ్రమంలోని ప్రతికణ భాగాన్ని ఎక్కువగా మింగేస్తుంది, పాళ్లు మారిపోతాయి, చచ్చిపోయిందనుకున్నది తిరిగి పుడుతుంది. క్వాంటం సిద్ధాంతం కాగితం మీది గారడీ కాదని నమ్మించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

1963లో ప్రిన్‌స్టన్‌కు చెందిన జేమ్స్ క్రోనిన్, వాల్ ఫిచ్, ఫ్రాన్స్ నుంచి వచ్చిన రెనే టుర్లే, విద్యార్థి జేమ్స్ క్రిస్టెన్సన్ కలిసి బ్రూక్‌హేవన్‌లోనే ఒక ప్రయోగం చేశారు. సీపీ సూత్రం నిజమైతే కె-లాంగ్ ఒక్కసారి కూడా రెండు పయాన్లుగా విరగకూడదు. కె-షార్ట్‌లన్నీ రాలిపోయేంత దూరంలో, గాలి అణువులు అడ్డు రాకుండా హీలియం నింపిన సంచిలోంచి కె-లాంగ్‌లను పోనిచ్చి చూశారు. సుమారు 22,700 విరుగుళ్లలో 45 సార్లు రెండు పయాన్లు వచ్చాయి. అంటే అయిదు వందలకు ఒకటి. 1964 జూలైలో ఫలితం ప్రచురించారు. ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుందని, కనిపించని కొత్త బలమేదో పనిచేసి ఉంటుందని ప్రపంచమంతా వివరణలు వెతికింది. ఒక్కటీ నిలవలేదు. అర్ధనారీశ్వరంలో రెండు సగాలూ సరిసమానం కావన్నది చివరికి ఒప్పుకోక తప్పలేదు. క్రోనిన్, ఫిచ్‌లకు 1980లో నోబెల్ ఇచ్చారు.

అయిదు వందలకు ఒకటి. ఇంత చిన్న తేడాకు ఇంత గొడవ ఎందుకంటే, మనం ఉన్నామన్న సంగతి దానితో ముడిపడి ఉంది. విశ్వం మొదలైనప్పుడు పదార్థం, ప్రతిపదార్థం సమానంగా పుట్టి ఉంటే రెండూ ఢీకొని పూర్తిగా కాంతిగా మారిపోయేవి. నక్షత్రాలూ ఉండవు, నేలా ఉండదు. వంద కోట్ల ప్రతికణాలకు వంద కోట్ల ఒక్క కణం చొప్పున, ఆ ఒక్కటి మిగిలింది కాబట్టే విశ్వంలో పదార్థం ఉంది. ఆ మిగులు ఎలా వచ్చిందో చెప్పాలంటే ప్రకృతి పదార్థానికీ ప్రతిపదార్థానికీ మధ్య తేడా చూపి తీరాలని 1967లో రష్యన్ శాస్త్రజ్ఞుడు ఆంద్రే సఖరోవ్ రాశాడు. హైడ్రోజన్ బాంబు నిర్మాతల్లో ఒకడై, తర్వాత మానవహక్కుల కోసం సోవియట్ ప్రభుత్వాన్ని ఎదిరించిన సఖరోవే ఈయన.

కె-లాంగ్ ఆ తేడాను ఎంత స్పష్టంగా చూపుతుందో ఒక చిన్న లెక్క. అది ఒక్కోసారి పయాన్, పాజిట్రాన్ (అంటే ఎలక్ట్రాన్ ప్రతికణం), న్యూట్రినోగా విరుగుతుంది. ఒక్కోసారి పయాన్, ఎలక్ట్రాన్, ప్రతిన్యూట్రినోగా విరుగుతుంది. ఇలాంటి 2,000 విరుగుళ్లలో పాజిట్రాన్ వచ్చేవి సగటున 1,003. ఎలక్ట్రాన్ వచ్చేవి 997. సుదూర గ్రహంలో ఎవరైనా ఉండి, వాళ్లతో మాట మాత్రమే మాట్లాడగలిగితే, 'కె-లాంగ్ విరిగినప్పుడు ఎక్కువగా వచ్చే తేలికపాటి కణమూ, మీ పరమాణు కేంద్రకం చుట్టూ తిరిగే కణమూ ఒకటేనా?' అని అడిగితే చాలు. ఔనంటే వాళ్లు ప్రతిపదార్థంతో చేసినవాళ్లు. చేయి కలపబోతే ఇద్దరూ మాయమవుతారు.

ఈ తేడాకు కారణం వెతికినవారు క్యోటోలోని ఇద్దరు యువకులు, మకోటో కొబయాషి, తొషిహిదె మస్కవా. మూడే క్వార్కులు తెలిసిన 1973లో, ఆరు రకాల క్వార్కులుంటేనే సీపీ ఉల్లంఘన సహజంగా వస్తుందని వాళ్లు లెక్క కట్టారు. నాలుగోది 1974లో, అయిదోది 1977లో, ఆరోది 1995లో దొరికాయి. కేయాన్లలో చూసిన ఉల్లంఘనను బరువైన బి-మెసాన్లలోనూ చూడగలిగితే సిద్ధాంతం నిలుస్తుంది. 2001లో జపాన్‌లోని బెల్లె, అమెరికాలోని బాబర్ ప్రయోగాలు దాన్ని చూశాయి. 2008లో కొబయాషి, మస్కవాలకు నోబెల్ దక్కింది. బెల్లెకు వారసురాలైన బెల్లె-2లో మన హైదరాబాద్ ఐఐటీ భాగస్వామి. చిక్కేమిటంటే, కొబయాషి, మస్కవా లెక్క విశ్వంలో మిగిలిన పదార్థాన్ని వివరించడానికి చాలదు. చాలా తక్కువ పడుతుంది. ఇంకేదో ఉంది.

ఆ ఇంకేదో కోసం మళ్లీ కేయాన్ల దగ్గరికే పోతున్నారు. జెనీవా దగ్గరి సెర్న్‌లో ఎన్ఏ-62 అనే ప్రయోగం ఉంది. ఆవేశమున్న కేయాన్ ఒక పయాన్‌గా, న్యూట్రినో జంటగా విరగడం అత్యంత అరుదు. సిద్ధాంతం ప్రకారం పదివేల కోట్ల కేయాన్లలో సుమారు 8 మాత్రమే అలా విరగాలి. లెక్క ఇంత కచ్చితంగా తెలుసు కాబట్టి, కొలతలో తేడా వస్తే అది కొత్త బలానికో కొత్త కణానికో గుర్తు. ప్రోటాన్లతో బెరీలియం ముక్కను కొట్టి పుట్టించే పుంజంలో కేయాన్లు 6 శాతమే. మిగతావన్నీ అడ్డమే. 2016 నుంచి 2022 దాకా సేకరించిన సమాచారాన్ని జల్లెడ పడితే అలాంటివి అనదగ్గ సంఘటనలు 51 తేలాయి. అందులో సుమారు 18 ఇతర కారణాల వల్ల వచ్చినవి కావచ్చు. 2024 సెప్టెంబరులో ప్రకటించిన ఫలితం పదివేల కోట్లకు 13. సిద్ధాంతం చెప్పినదానికంటే ఎక్కువే. కానీ కొలతలో అటూ ఇటూ 3 దాకా తేడా ఉండే అవకాశం ఉంది కాబట్టి సిద్ధాంతం ఓడిపోయిందనడం తొందరపాటు అవుతుంది. ఇంత అరుదైన కేయాన్ విరుగుడును రూఢిగా చూశారన్నది మాత్రం నిజం.

దీనికి తోబుట్టువైన విరుగుడు కె-లాంగ్‌లో జరగాలి. అది ఇంకా అరుదు, పదివేల కోట్లకు 3. జపాన్‌లోని తొకాయ్‌లో కోటో అనే ప్రయోగం దాని కోసం వెతుకుతోంది. ఇప్పటిదాకా ఒక్కటీ దొరకలేదు. ఎన్ఏ-62 తర్వాత అదే హాలులో కేయాన్ల కోసం ఇంకా పెద్ద ప్రయోగం పెడదామని కొందరు ప్రతిపాదించారు. 2024లో సెర్న్ దాన్ని కాదని, ఆ స్థలాన్ని షిప్ అనే మరో ప్రయోగానికి కేటాయించింది. యూరప్‌లో ఎన్ఏ-62 పని ముగిశాక కేయాన్ల వేట ప్రధానంగా తొకాయ్‌లోనే సాగుతుంది.